టీకాల రోజు బిడ్డను పూర్తిగా చూడటం ఎలా: ఏఎన్ఎంలకు, స్టాఫ్ నర్సులకు సమగ్ర మార్గదర్శి

జబ్బు చేసిన బిడ్డను డాక్టర్ గారు చూస్తారు. ఆరోగ్యంగా ఉన్న బిడ్డను చూసేది మాత్రం చాలావరకు నర్సే. పుట్టిన రోజున, ఆరో వారంలో, పదో వారంలో, పద్నాలుగో వారంలో, తొమ్మిది నెలలు నిండాక, ఏడాదిన్నర ప్రాంతంలో... రెండేళ్లు వచ్చేలోపు ఒక్క టీకాల కోసమే బిడ్డ ఆరుసార్లు మన ముందుకు వస్తుంది. ఇన్నిసార్లు చూసే అవకాశం ఆరోగ్య శాఖలో ఇంకెవరికీ లేదు. అయినా ఎక్కువ చోట్ల ఏం జరుగుతోంది? సూది వేస్తాం, కార్డులో రాస్తాం, తర్వాతి వాళ్లను పిలుస్తాం. బరువు పెరగని బిడ్డ, మెడ నిలపని బిడ్డ, ఆకలితో ఏడుస్తున్న బిడ్డ కూడా ఆ వరుసలోనే వచ్చి వెళ్లిపోతారు.

సబ్ సెంటర్లో, పల్లె దవాఖానాలో, విలేజ్ హెల్త్ క్లినిక్‌లో, బస్తీ దవాఖానాలో కొత్తగా చేరినవాళ్లను మనసులో పెట్టుకుని ఇది రాస్తున్నాను. టీకాల రోజున ఒక్కో బిడ్డ దగ్గర మీకు దొరికే కొద్ది నిమిషాల్లో ఏం చేయాలి, ఏ వరుసలో చేయాలి అన్నదే విషయం. కాన్పుల గదిలో పనిచేసే నర్సులకు కూడా ఇందులో కొంత పనికొస్తుంది. మొదలయ్యేది అక్కడే కదా.

కాన్పుల గదిలో

పుట్టిన గంటలోపు తల్లిపాలు పట్టించాలి. విటమిన్ కె ఇంజెక్షన్ ఇవ్వాలి. బీసీజీ (క్షయ టీకా), సున్నా డోసు (పుట్టగానే వేసే) పోలియో చుక్కలు, హెపటైటిస్-బి ఈ మూడూ డిశ్చార్జి లోపే పడాలి. హెపటైటిస్-బి మాత్రం 24 గంటల్లోపే వేయాలి. తల్లికి ఆ వైరస్ ఉంటే కాన్పు సమయంలోనే బిడ్డకు సోకే ప్రమాదం ఉంది. చిన్న వయసులో సోకితే అది కాలేయంలో ఏళ్ల తరబడి ఉండిపోతుంది. అందుకే "ఇవాళ ఆదివారం, రేపు వేద్దాం" అనే మాట ఈ టీకా విషయంలో చెల్లదు.

మొదటి అడుగు: ముందురోజే జాబితా

మన దగ్గర టీకాలంటే బుధవారం, శనివారం. ముందురోజు సాయంత్రానికల్లా ఆశా వర్కర్, అంగన్‌వాడీ టీచర్, మీరు ముగ్గురూ కలిసి డ్యూ లిస్ట్ (ఈసారి టీకా పడాల్సిన పిల్లల జాబితా) చూసుకోవాలి. ఎవరు వస్తారన్నది ఆ లిస్టే చెబుతుంది. మీరు వెతకాల్సింది అందులో లేని పిల్లల కోసం.

మన ఇళ్లలో మొదటి కాన్పు పుట్టింట్లో జరుగుతుంది. మూడో నెలలోనో ఐదో నెలలోనో బిడ్డను తీసుకుని అత్తగారింటికి వెళ్తారు. ఆరు, పది, పద్నాలుగు వారాల టీకాలు ఒక ఊళ్లో, తొమ్మిదో నెల టీకా ఇంకో ఊళ్లో. పుట్టింటి ఊరి జాబితాలో "వెళ్లిపోయారు" అని కొట్టేస్తారు. అత్తింటి ఊరి జాబితాలో ఇంకా ఎక్కించి ఉండరు. బిడ్డ ఎవరి లెక్కలోనూ లేకుండా పోతుంది. తట్టు టీకా మిస్సయ్యేది ఎక్కువగా ఇక్కడే అని నా అభిప్రాయం. కాబట్టి పద్నాలుగో వారం టీకా వేసిన రోజే, "అమ్మా, అత్తగారింటికి ఎప్పుడు వెళ్తున్నావు? ఏ ఊరు?" అని అడిగి, అక్కడి ఏఎన్ఎంకి ఫోన్ చేసి పేరు చెప్పేయండి. టీకాల వివరాలుండే ప్రభుత్వ పోర్టల్ యూ-విన్‌లో నమోదై ఉంటే సగం పని తేలికవుతుంది, కానీ ఆ ఒక్క ఫోన్ కాల్ చేసే పని ఏ పోర్టలూ చేయదు.

మీ ఊరికి కొత్తగా వచ్చిన కోడళ్ల ఇళ్లు ఏవో ఆశా వర్కర్‌కి తెలుసు. అడగండి.

రెండో అడుగు: క్యారియర్ (టీకాలు తీసుకెళ్లే చల్లని పెట్టె) సర్దడం

ఎండాకాలంలో టీకాలు వేడికి పాడవుతాయని అందరికీ భయం. చలికి పాడవుతాయన్నది చాలామందికి తట్టదు. పెంటావాలెంట్ (ఐదు జబ్బులకు కలిపి ఒకే టీకా), డీపీటీ (కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం), హెపటైటిస్-బి, టీడీ (ధనుర్వాతం, కంఠసర్పి), ఐపీవీ (పోలియో సూది), పీసీవీ (న్యుమోనియా టీకా) గడ్డకట్టకూడదు. ఒకసారి గడ్డకట్టి కరిగితే చూడటానికి మామూలుగానే ఉండొచ్చు, పని మాత్రం చేయవు. డీప్ ఫ్రీజర్ లోంచి తీసిన ఐస్ ప్యాక్‌ను నేరుగా క్యారియర్‌లో పెడితే జరిగేది అదే.

అందుకని నాలుగు ఐస్ ప్యాకులనూ బయటపెట్టి, పైన చెమట పట్టేదాకా ఆగండి. చెవి దగ్గర పెట్టుకుని ఊపితే లోపల నీళ్ల చప్పుడు వినపడాలి. అప్పుడే వాటిని తుడిచి క్యారియర్‌లో పెట్టాలి. వయల్స్‌ను జిప్ కవర్‌లో వేసి మధ్యలో ఉంచాలి. బండి ఎక్కే తొందరలో ఈ ఆగడమే కష్టం. వ్యాక్సిన్లు తెచ్చే మనిషికి ఈ విషయం మీరే దగ్గరుండి చూపించాలి.

ప్రతి వయల్ మీద వీవీఎం (టీకాకు వేడి ఎంత తగిలిందో రంగు మారి చూపే గుర్తు) చూడాలి. లోపలి చతురస్రం చుట్టూ ఉన్న వృత్తం కంటే లేతగా ఉంటే వాడొచ్చు. రెండూ ఒకే రంగులోకి వచ్చినా, చతురస్రం ఇంకా ముదిరినా పక్కన పెట్టేయాలి. ఎక్స్‌పైరీ తేదీ సరే, తెరిచిన వయల్ అయితే తెరిచిన తేదీ, టైము దాని మీద రాసి ఉందో లేదో కూడా చూడాలి.

బీసీజీ, ఎంఆర్ (తట్టు, రుబెల్లా), ఒక రకం జేఈ (మెదడువాపు) టీకాలు పొడిగా వస్తాయి. వాటిని ఆ కంపెనీ ఇచ్చిన ద్రావణంతోనే కలపాలి, వేరే దాంతో కాదు. కలిపిన టైము వయల్ మీద రాయాలి. నాలుగు గంటలు దాటినా, సెషన్ ముగిసినా, ఏది ముందైతే అప్పుడు పారేయాలి. వీటిలో క్రిములను ఆపే మందు ఉండదు. ఒక్కసారి సూది గుచ్చిన వయల్‌లో క్రిములు పెరిగితే గంటల్లో పసిబిడ్డ ప్రాణం మీదికి వస్తుంది. "ఇంకో ఇద్దరు పిల్లలు వస్తారట, కాసేపు ఉంచుదాం" అని ఎవరు అడిగినా ఒప్పుకోవద్దు, అడిగింది మీ పై అధికారైనా సరే. ఆ ఇద్దరికీ కొత్త వయల్ తెరవండి. మిగిలింది వృథా అవుతుందని ఒక్క బిడ్డ వచ్చినా ఎంఆర్ వయల్ తెరవకుండా తిప్పి పంపడం కూడా తప్పే. తిప్పి పంపిన తల్లి మళ్లీ వస్తుందన్న నమ్మకం లేదు.

మూడో అడుగు: సూదికి ముందు తూకం

ఈ వరుస మార్చొద్దు. సూది పడ్డాక బిడ్డ గుక్కపట్టి ఏడుస్తుంది, తల్లి ఇంటికి పోదామనే ఆత్రంలో ఉంటుంది, తూకం వేయడం అవదు. అందుకే రాగానే బరువు.

తూకాన్ని సున్నాకి సరిచేయండి. స్వెటర్, టోపీ, తడిసిన గుడ్డ తీయించండి. మొలతాడు, చేతి గాజులు ఉంటే ఉండనివ్వండి, వాటి కోసం పోట్లాట వద్దు. రెండేళ్లలోపు బిడ్డ పొడవును పడుకోబెట్టి కొలవాలి. దీనికి ఇద్దరు కావాలి. ఒకరు తల పలకకి ఆనేలా పట్టుకోవాలి, ఇంకొకరు మోకాళ్లు మెల్లగా నొక్కి పాదాల దగ్గర పలక జరపాలి. రెండేళ్లు దాటితే నిలబెట్టి కొలవడమే.

ఆ తర్వాత అందరూ వదిలేసే పని ఒకటుంది. వచ్చిన బరువును తల్లీబిడ్డల కార్డులోని గ్రోత్ చార్ట్‌లో చుక్కగా పెట్టి, పోయిన నెల చుక్కతో కలపాలి. బరువు 7.2 కిలోలు అని ఒక గడిలో రాసి వదిలేస్తే ఎవరికీ ఏమీ తెలియదు. గీత పైకి పోతోందా, అడ్డంగా పోతోందా, కిందికి దిగుతోందా అన్నది చూస్తేనే తెలుస్తుంది. ఇంకా ఆకుపచ్చ భాగంలోనే ఉన్నా, రెండు నెలలుగా గీత అడ్డంగా పోతుంటే అది హెచ్చరికే. ఎరుపులోకి దిగేదాకా ఆగితే ఆలస్యం అయిపోతుంది. చార్ట్ తల్లికి చూపించండి. "చూడమ్మా, ఇక్కడిదాకా బాగా ఎక్కాడు, ఇక్కడి నుంచి ఆగిపోయాడు. ఈ మధ్య ఏం పెడుతున్నావు?" అంటే, చదువురాని తల్లికి కూడా అర్థమవుతుంది.

ఆరు నెలలు దాటిన పిల్లలకు జబ్బ చుట్టుకొలత టేపు కూడా వాడండి. 11.5 సెంటీమీటర్ల కంటే తక్కువ వస్తే తీవ్ర పోషకాహార లోపం. 11.5 నుంచి 12.5 మధ్య వస్తే మధ్యస్థం. రెండు పాదాల మీదా బొటనవేలితో నొక్కి, గుంట పడుతుందేమో చూడండి. పడితే బరువు ఎంతున్నా సరే, అదే రోజు పీహెచ్‌సీ డాక్టర్‌కి చూపించి, పోషకాహార పునరావాస కేంద్రానికి పంపే ఏర్పాటు చేయాలి.

గీత అడ్డం పడేది ఎక్కువగా ఆరు నుంచి తొమ్మిది నెలల మధ్య. అన్నప్రాశన అయితే అవుతుంది, ఆ తర్వాత పెట్టేది మాత్రం పప్పుకట్టు, చారన్నం పిసికిన నీళ్లు, బిస్కెట్ ముంచిన పాలు. పొట్ట నిండుతుంది, బలం రాదు. "గట్టిగా పెడితే అరగదు నర్సమ్మా" అని నాయనమ్మ అంటుంది. ఆమెతో వాదించొద్దు, ఆ ఇంట్లో బిడ్డకు తినిపించేది ఆమే. "నిజమే పెద్దమ్మా, ముద్దలు పెడితే గొంతుకి అడ్డం పడుతుంది. మెత్తగా మెదిపి పెట్టు, కానీ పల్చగా వద్దు. స్పూన్ వంచితే జారిపోకూడదు, అంత చిక్కగా ఉండాలి. పైన ఒక చెంచా నెయ్యో నూనో వెయ్యి" అని చెప్పండి. ఆరు నుంచి ఎనిమిది నెలలకు రోజుకు రెండు మూడుసార్లు, తొమ్మిది నెలల నుంచి మూడు నాలుగుసార్లు తినిపించాలి. మధ్యలో తల్లిపాలు మానకూడదు. గుడ్డు, మెదిపిన పప్పు, ఆకుకూర, అరటిపండు ఇంట్లో దొరికేవే. అంగన్‌వాడీ ఇచ్చే బాలామృతం బిడ్డే తింటోందా, ఇంట్లో పెద్ద పిల్లలు తింటున్నారా అన్నది కూడా అడగండి. నొచ్చుకునేలా మాత్రం అడగొద్దు.

ఆరు నెలలలోపు బిడ్డకైతే ఒకటే మాట: తల్లిపాలు తప్ప ఇంకేదీ వద్దు. తేనె, వాము నీళ్లు, గ్రైప్ వాటర్, ఎండాకాలమని మంచినీళ్లు, ఏవీ అక్కర్లేదు. ముక్కులో ఆముదం చుక్కలు వేసే అలవాటు ఉంటే అది ఊపిరితిత్తుల్లోకి పోతుందని గట్టిగానే చెప్పాలి. దిష్టిచుక్క పెట్టుకుంటే పెట్టుకోనివ్వండి, కాటుక కళ్లలోకి మాత్రం వద్దనండి. ప్రమాదం లేని ఆచారాన్ని వదిలేస్తే, ప్రమాదం ఉన్నదాన్ని మాన్పించేటప్పుడు మీ మాట వింటారు.

నాలుగో అడుగు: బిడ్డను చూడటం

తల్లి బిడ్డను విప్పుతున్నప్పుడే సగం పరీక్ష అయిపోవాలి. ఊపిరి వేగంగా ఉందా? రెండు నెలలలోపు బిడ్డకు నిమిషానికి 60, రెండు నెలల నుంచి ఏడాదిలోపు 50, ఏడాది నుంచి ఐదేళ్లలోపు 40 లేదా అంతకు మించితే అది వేగమే. నిమిషం పూర్తిగా లెక్కపెట్టాలి. అరచేతులు పాలిపోయాయా? నెలలోపు బిడ్డ అరికాళ్లు పచ్చగా ఉన్నాయా? పాలు తాగడం మానేసిందా, మత్తుగా పడి ఉందా, ఒళ్లు చల్లబడిందా? వీటిలో ఏది కనిపించినా టీకా సంగతి తర్వాత, ముందు ఆస్పత్రి.

ఎదుగుదల గురించి పెద్ద ఫారాలు నింపే టైము ఉండదు. ఒక్కో వయసుకి ఒక్కో ప్రశ్న గుర్తుంచుకోండి. ఆరో వారం, పదో వారంలో: నీ మొహం చూసి నవ్వుతున్నాడా? పద్నాలుగో వారంలో భుజానికెత్తుకున్నప్పుడు మెడ నిలుపుతున్నాడా, చప్పుడు వైపు తిరుగుతున్నాడా? తొమ్మిది నెలలకు ఆనుకోకుండా కూర్చుంటున్నాడా? ఏడాదిన్నరకు పట్టుకోకుండా నడుస్తున్నాడా, అమ్మా, తాతా లాంటి మాటలు అంటున్నాడా? లేదని జవాబొస్తే "మగపిల్లలు ఆలస్యంగా నడుస్తారులే" అని మీరు కూడా అనేయొద్దు. 2013లో మొదలైన పిల్లల ఆరోగ్య పరీక్షల కార్యక్రమం ఆర్‌బీఎస్‌కే కింద ఇలాంటి పిల్లలను పరీక్షించి, జిల్లాలోని సత్వర చికిత్స కేంద్రానికి పంపిస్తారు. వినికిడి లోపం లాంటిది ఎంత ముందు తెలిస్తే మాట అంత బాగా వస్తుంది.

ఐదో అడుగు: టీకా

జాతీయ షెడ్యూల్ ఇలా ఉంది. ఇందులో ఎఫ్‌ఐపీవీ అంటే ఐపీవీ చిన్న డోసు.

- ఆరో వారం: పోలియో చుక్కలు, రోటావైరస్ చుక్కలు, పెంటావాలెంట్, ఎఫ్‌ఐపీవీ, పీసీవీ
- పదో వారం: పోలియో చుక్కలు, రోటా, పెంటావాలెంట్
- పద్నాలుగో వారం: మళ్లీ ఆరో వారంలోవే
- తొమ్మిది నెలలు నిండాక: ఎంఆర్, పీసీవీ బూస్టర్, ఎఫ్‌ఐపీవీ మూడో డోసు, విటమిన్ ఎ. జేఈ ఉన్న జిల్లాల్లో అది కూడా
- 16 నుంచి 24 నెలల మధ్య: ఎంఆర్ రెండో డోసు, డీపీటీ బూస్టర్, పోలియో బూస్టర్. జేఈ జిల్లాల్లో దాని రెండో డోసు
- 5 నుంచి 6 ఏళ్ల మధ్య డీపీటీ రెండో బూస్టర్, పదో ఏట, పదహారో ఏట టీడీ

వేసే చోటు మారకూడదు. బీసీజీ ఎడమ జబ్బ మీద, చర్మం పొరల్లో. పెంటావాలెంట్ ఎడమ తొడ, పీసీవీ కుడి తొడ, రెండూ తొడ మధ్యభాగంలో బయటివైపు, కండలో. ఎంఆర్ కుడి జబ్బ మీద, చర్మం కింద. ఎఫ్‌ఐపీవీ మొదటి రెండు డోసులూ కుడి జబ్బ మీద చర్మం పొరల్లో, 0.1 మిల్లీలీటరు. పిరుదు మీద ఏ టీకా వేయకూడదు. రేపు ఎక్కడైనా వాపు వస్తే అది ఏ టీకాదో తెలిసేది ఈ చోటును బట్టే.

ఎఫ్‌ఐపీవీకి మన దగ్గర ఒక చరిత్ర ఉంది. 2016లో హైదరాబాద్ మురుగునీటి నమూనాలో టీకా నుంచి పుట్టిన టైప్-2 పోలియో వైరస్ కనిపించింది. ఆ జూన్‌లో హైదరాబాద్, రంగారెడ్డి జిల్లాల్లో దాదాపు 3 లక్షల మంది పిల్లలకు ఇదే చిన్న డోసు వేశారు. దేశంలో చివరి సహజ పోలియో కేసు 2011 జనవరిలో వచ్చింది కదా, ఇంకా ఎందుకు ఇన్ని డోసులు అని ఎవరైనా అడిగితే ఈ సంగతి చెప్పండి.

టీకా ఆపాల్సిన కారణాలు చాలా తక్కువ. జలుబు, దగ్గు, కొద్దిపాటి జ్వరం, మామూలు విరేచనాలు ఉంటే ఆపక్కర్లేదు. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకు కూడా పుట్టిన తేదీ నుంచే వారాలు లెక్కపెట్టి వేయాలి. ఆపాల్సింది ఆస్పత్రిలో చేర్చాల్సినంత జబ్బు ఉన్నప్పుడు, ఇంతకుముందు అదే టీకాకి తీవ్రమైన అలర్జీ వచ్చినప్పుడు. మధ్యలో మానేసిన బిడ్డకు మొదటి నుంచి మొదలుపెట్టకూడదు. ఎక్కడ ఆగిందో అక్కడి నుంచి కొనసాగించాలి. బీసీజీ వేశాక మచ్చ రాలేదని మళ్లీ వేయకూడదు.

నొప్పి గురించి మనం పట్టించుకోం, పట్టించుకోవాలి. బిడ్డను బల్ల మీద పడుకోబెట్టి కాళ్లు చేతులు అదిమిపట్టొద్దు. తల్లి ఒళ్లో కూర్చోబెట్టించండి. ముందు చుక్కలు, తర్వాత సూదులు. సూదికి ముందు, సూది వేస్తున్నప్పుడు పాలివ్వమనండి. సూది గుచ్చాక రక్తం వస్తుందేమోనని సిరంజి వెనక్కి లాగి చూడాల్సిన పని లేదు, అది నొప్పిని పెంచడమే. సూది వేసిన చోట రుద్దొద్దు. బిడ్డ తక్కువ ఏడిస్తే తల్లి వచ్చే నెల వస్తుంది.

వాడిన ఏడీ సిరంజికి (ఒక్కసారి వాడాక మళ్లీ పనిచేయని సిరంజి) మూత పెట్టే ప్రయత్నం చేయకుండా, వెంటనే హబ్ కట్టర్‌లో కత్తిరించేయాలి.

ఆరో అడుగు: నాలుగు మాటలు, జ్వరం మందు

ప్రతి తల్లికీ నాలుగు చెప్పాలి: ఇవాళ ఏ టీకా వేశాం, అది దేనికి. ఇంటికెళ్లాక ఏం రావచ్చు, వస్తే ఏం చేయాలి. మళ్లీ ఎప్పుడు రావాలి. కార్డు జాగ్రత్తగా దాచి తీసుకురావాలి. చెప్పి ఊరుకోకుండా, తిరిగి ఆమెతో చెప్పించుకోండి.

ఏం రావచ్చన్నది టీకాను బట్టి మారుతుంది. పెంటావాలెంట్‌కి ఆ రాత్రే జ్వరం, తొడ మీద వాపు రావచ్చు. ఎంఆర్ జ్వరం వారం దాటాక వస్తుంది, ముందే చెప్పకపోతే టీకా వల్లే అని తెలియక కంగారు పడతారు. బీసీజీ వేసిన చోట రెండు మూడు వారాలకు చిన్న పొక్కు లేస్తుంది, పుండై, మెల్లగా మానుతుంది. పసుపు, పౌడరు, ఆయింట్‌మెంట్ ఏవీ పెట్టొద్దని చెప్పాలి.

జ్వరం మందు దగ్గర ఒక ప్రమాదం పొంచి ఉంది. పారాసెటమాల్ చుక్కల మందు సాధారణంగా మిల్లీలీటరుకు 100 మిల్లీగ్రాములు. సిరప్ అయితే 5 మిల్లీలీటర్లకు 125 లేదా 250. ఐదు కిలోల బిడ్డకు కిలోకి 15 చొప్పున 75 మిల్లీగ్రాములు కావాలి. అది 125 సిరప్‌లో 3 మిల్లీలీటర్లు, చుక్కల మందులో ముప్పావు మిల్లీలీటరు మాత్రమే. "3 ఎంఎల్ వెయ్యమన్నారు" అని గుర్తుపెట్టుకుని, ఇంట్లో ఉన్న చుక్కల సీసాలోంచి 3 ఎంఎల్ పోస్తే నాలుగింతల మందు లోపలికి పోయినట్టే. ఇంట్లో ఏ సీసా ఉందో అడగండి. ఉంటే తీసుకురమ్మని, లేబుల్ చూసి, దాని డ్రాపర్ మీద గీత చూపించి చెప్పండి.

ఏడో అడుగు: అరగంట

టీకా వేసిన ప్రతి బిడ్డా 30 నిమిషాలు అక్కడే ఉండాలి. అలర్జీ ఇంచుమించు అప్పుడే బయటపడుతుంది: ఒళ్లంతా దద్దుర్లు, పెదాలు వాయడం, ఊపిరాడకపోవడం, ఒళ్లు వాలిపోవడం. ఇవి కనిపిస్తే అడ్రినలిన్ కిట్ తెరిచి, వయసు ప్రకారం కిట్‌లోని పట్టికలో ఉన్న డోసు తొడ కండలోకి వేయాలి. ఆ ఒక్క డోసు ఏఎన్ఎం వేయొచ్చు, డాక్టర్ కోసం ఆగక్కర్లేదు. వెంటనే 108కి, మెడికల్ ఆఫీసర్‌కి ఫోన్. కిట్‌లో అడ్రినలిన్ ఎక్స్‌పైరీ తేదీ సెషన్ మొదలయ్యే ముందే చూసుకోవాలి.

బోధనకు ఈ అరగంటను మించిన సమయం దొరకదు. తల్లులు నలుగురైదుగురు కూర్చుని ఉంటారు. ఇంట్లో పిల్లలకు ప్రమాదం తెచ్చే నీళ్ల బకెట్, తెరిచి ఉన్న సంపు, బొత్తాలు, నాణేలు, కిరోసిన్ సీసా, పురుగుమందు డబ్బా గురించి మాట్లాడండి. విరేచనాలైతే ఓఆర్ఎస్, రెండు నెలలు దాటిన బిడ్డకు 14 రోజుల జింక్ అని చెప్పి, ప్యాకెట్ ఎలా కలపాలో ఒకసారి కలిపి చూపించండి.

ఎనిమిదో అడుగు: సూది లేని టీకాల రోజులు

తొమ్మిదో నెలలో విటమిన్ ఎ లక్ష యూనిట్లు, అంటే 1 మిల్లీలీటరు. ఏడాదిన్నరకి 2 లక్షలు, ఆ తర్వాత ఐదేళ్ల దాకా ఆరు నెలలకోసారి, మొత్తం తొమ్మిది డోసులు. రెండో డోసు తర్వాత సూది ఉండదు కాబట్టి తల్లులు రావడం మానేస్తారు. అంగన్‌వాడీ రిజిస్టర్ పక్కన పెట్టుకుని వెతికితేనే వాళ్లు దొరుకుతారు. ఆరు నెలల నుంచి ఐదేళ్ల దాకా ఐరన్ సిరప్ వారానికి రెండుసార్లు, 1 మిల్లీలీటరు చొప్పున. మలం నల్లగా వస్తుందని ముందే చెప్పకపోతే భయపడి ఆపేస్తారు. నులిపురుగుల మాత్ర ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న. ఏడాది నుంచి రెండేళ్లలోపు పిల్లలకు 200 మిల్లీగ్రాములు, అంటే సగం మాత్ర, పొడి చేసి నీళ్లతో. రెండేళ్లు దాటితే పూర్తి మాత్ర, నమిలించి.

తొమ్మిదో అడుగు: రాకుండా ఉన్నవాళ్లు

సాయంత్రం రిజిస్టర్, యూ-విన్ పూర్తిచేశాక, పొద్దున లిస్టులో ఉండి రాని పేర్లకు ఎదురుగా కారణం రాయండి. "రాలేదు" అన్నది కారణం కాదు. పోయినసారి జ్వరం వచ్చిందని భర్త వద్దన్నాడా, కూలికి వెళ్లిందా, కార్డు పోయి తిడతారేమోనని ఆగిపోయిందా? ఒక్కోదానికి చేయాల్సిన పని వేరు. జ్వరం భయమైతే ఇంటికెళ్లి భర్తతో కూర్చుని మాట్లాడాలి. కూలి అయితే ఆ ఇంటికి వీలయ్యే టైము కనుక్కోవాలి. కార్డు పోతే రిజిస్టర్ చూసి కొత్తది రాసివ్వాలి, ఒక్క మాట కూడా అనకుండా.

వలస వెళ్లే కుటుంబాలకు ఇంకొంచెం చేయాలి. పాలమూరు నుంచి ముంబైకి, శ్రీకాకుళం నుంచి చెన్నైకి పనులకు వెళ్లేవాళ్లు కార్డు ఇంట్లో పెట్టి పోతారు. వెళ్లేముందే వాళ్ల ఫోన్‌లో కార్డు రెండు వైపులా ఫొటో తీసిపెట్టండి, తర్వాతి టీకా తేదీ ఒక చీటీ మీద పెద్ద అక్షరాలతో రాసివ్వండి. దేశంలో ఏ ప్రభుత్వ ఆస్పత్రిలోనైనా ఉచితంగా వేస్తారని చెప్పండి. అలాగే మీ ఊరి ఇటుక బట్టీల్లో ఒడిశా నుంచి వచ్చిన పిల్లలు ఉంటే, వాళ్లకు కార్డు లేకపోయినా, భాష రాకపోయినా, వాళ్ల పేర్లు మీ డ్యూ లిస్ట్‌లోనే ఎక్కించాలి. బట్టీ మేస్త్రీ నంబర్ తీసుకుని, వచ్చే శనివారం సెషన్ అక్కడే పెట్టేలా మెడికల్ ఆఫీసర్‌ని అడగండి.